గుండెను, మూత్రపిండములను కలిపి చూచిన వైద్యుడు
డాక్టరు రిచర్డ్ బ్రైట్ గారి జీవితము



లూకా సువార్త 14వ అధ్యాయములో విశ్రాంతిదినమున ఒక పరిసయ్యుని యింట ప్రభువు స్వస్థపరచిన మనుష్యుని మీరెరుగుదురు. అతనికి జలోదర రోగము. ఒంటికి నీరు పట్టు రోగము మన గ్రామములకును క్రొత్తది కాదు. మొదట ప్రొద్దున లేచునప్పటికి కన్నుల క్రింద ఉబ్బు కనబడును. తరువాత పాదములు వాచును. వ్రేలితో నొక్కినయెడల గుంట పడి చాలసేపటికి గాని పూడదు. పిమ్మట కడుపు ఉబ్బును. వెల్లకిల పండుకొనిన ఊపిరి ఆడదు.

ఈ నీరు ఎక్కడనుండి వచ్చుచున్నది? గుండె చెడినందునా? కాలేయము చెడినందునా? మూత్రపిండములు చెడినందునా? అనేక శతాబ్దములు వైద్యులు ఈ మూడింటిని కలగలిపి ఒకే రోగమని పిలిచిరి. ఈ చిక్కుముడిని విప్పినవారిలో ముఖ్యులు ఇంగ్లండు దేశస్థులైన రిచర్డ్ బ్రైట్ గారు. మూత్రపిండములు చెడినవారికి గుండెయు చెడుచున్నదని ఆయన చూపిరి.

పాత నిబంధనలో హృదయమును అంతరింద్రియములను జతగా చెప్పు చోట్లు అనేకములున్నవి. కీర్తన 26, యిర్మీయా 17వ అధ్యాయము తీసి చూడుడి. అంతరింద్రియములని మనము చదువు చోట హెబ్రీ మూలములో ఉన్న మాటకు అర్థము మూత్రపిండములే. అక్కడ అది మనుష్యుని లోతైన తలంపులను సూచించును గాని వైద్యశాస్త్రమును బోధించుటకు వ్రాయబడలేదు. అయినను ఆ జత మన చెవులకు పరిచితమైనది గనుక ఈ వైద్యుని కథ జ్ఞాపకముంచుకొనుట మనకు సులభము.

బాల్యము, విద్య

బ్రైట్ గారు 1789వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన బ్రిస్టల్ అను రేవు పట్టణములో జన్మించిరి. తండ్రి వర్తకుడు, బ్యాంకు యజమాని. ఆ కుటుంబపు ఐశ్వర్యములో జమైకా చెరకు తోటలలో బానిసలు పడిన కష్టము కూడ కలిసియున్నదని దాచకుండ చెప్పవలెను. కుమారునికి వర్తకముకంటె ప్రకృతిని పరిశీలించుటయందు ఆసక్తి యెక్కువ. 1808లో ఆయన స్కాట్లండులోని ఎడింబరో విశ్వవిద్యాలయమున చేరిరి.

1810లో సర్ జార్జి మెకంజీ అను పండితునితోను, హెన్రీ హాలెండ్ అను తోటి విద్యార్థితోను ఆయన ఐస్లాండు ద్వీపమునకు వెళ్లిరి. అక్కడి మొక్కలను, జంతువులను చూచి వివరములు వ్రాసికొనిరి. పిమ్మట లండనులోని గైస్ ఆసుపత్రిలో వైద్యము నేర్చి, 1813లో ఎడింబరోలో వైద్యపట్టము పొందిరి. 1814లో ఐరోపా ఖండము తిరిగి వియన్నాను, హంగరీ దేశమును చూచిరి. ఆ ప్రయాణమును గూర్చి 1818లో పెద్ద గ్రంథము ప్రకటించిరి; అందులోని బొమ్మలు కొన్ని ఆయన స్వయముగా గీసినవే. చూచినదానిని చూచినట్లుగా వ్రాయుట, గీయుట ఆయనకు చిన్ననాటి నుండి అలవడినది. తరువాత రోగుల ప్రక్కను ఈ అలవాటే ఆయనకు పనికివచ్చెను.

లండనులోని జ్వరముల ఆసుపత్రిలో పనిచేయుచుండగా ఆ జ్వరము ఆయనకే తగిలి, చావు అంచువరకు వెళ్లి బ్రదికిరి. ఆ దినములలో అంటు జ్వరముల వార్డులో పనిచేయుట ప్రాణమునకు తెగించుటయే.

గైస్ ఆసుపత్రి

ఈ ఆసుపత్రిని గూర్చి ఒక మాట. థామస్ గై అను పుస్తక వ్యాపారి పరిశుద్ధ గ్రంథములు అచ్చువేయించి అమ్మి వర్తకమున పైకి వచ్చెను. పిమ్మట వాటాలు కొని అమ్మి గొప్ప ధనవంతుడాయెను. 1721లో ఆయన బీద రోగుల నిమిత్తము ఆసుపత్రి స్థాపించెను గాని, 1725లో దాని తలుపులు తెరువకముందే కన్నుమూసెను. బ్రైట్ గారు 1820లో అక్కడ సహాయ వైద్యులుగాను, 1824లో పూర్తి వైద్యులుగాను నియమింపబడిరి. థామస్ అడిసన్, థామస్ హాడ్జికిన్ అను ప్రసిద్ధ వైద్యులు అక్కడ ఆయనతోకూడ పనిచేసిరి.

1822లో ఆయన మార్తా బాబింగ్టన్ అను ఆమెను వివాహము చేసికొనిరి. ఆమె తండ్రియు గైస్ ఆసుపత్రి వైద్యులే. మరుసటి సంవత్సరము ఒక కుమారుని కని, కొద్ది దినములకే ఆమె మరణించెను. ఇంట మామ వైద్యుడు, భర్త వైద్యుడు. అయినను ఆ తల్లిని నిలుపలేకపోయిరి. బాలింత మరణము ఎంత కఠినమైనదో మన గ్రామములలో అనేక కుటుంబములకు తెలియును. బ్రైట్ గారు ఆ దుఃఖముతోనే ఆసుపత్రి పనికి తిరిగి వచ్చిరి. దినమునకు అనేక గంటలు వార్డులలోను, మృతదేహములను పరీక్షించు గదిలోను గడిపిరి. 1826లో ఎలైజా ఫోలెట్ అను ఆమెను రెండవ వివాహము చేసికొనిరి.

చెంచా, కొవ్వొత్తి

ఒంటికి నీరు పట్టినవారిలో కొందరి మూత్రము కాచినప్పుడు గ్రుడ్డులోని తెల్లసొనవలె గడ్డకట్టుచున్నదని బ్రైట్ గారికి మునుపే తెలిసినవారు ఉండిరి. ఇటలీలో కొటూన్యో, ఇంగ్లండులో వెల్స్, బ్లాకాల్ అను వైద్యులు దానిని చూచిరి. గాని ఆ రోగుల మూత్రపిండములలో ఏమి జరుగుచున్నదో వారు జతపరచి చూపలేదు.

బ్రైట్ గారు మూడు సంగతులను వరుసగా పేర్చిరి. మొదటిది, బ్రదికియుండగా ఒంటి వాపు. రెండవది, మూత్రములో ఆల్బుమిన్. మూడవది, మరణించిన తరువాత కోసి చూడగా చెడియున్న మూత్రపిండములు. ఈ మూడును ఒకే వ్యాధికి సంబంధించినవని 1827లో తాను ప్రకటించిన గ్రంథములో రంగుల చిత్రములతో వివరించిరి. ఆ కాలమునుండి నూరు సంవత్సరములకు పైగా లోకమంతట వైద్యులు దానిని బ్రైట్ వ్యాధి అని పిలిచిరి. ఇప్పుడు ఆ పేరు వాడుకలో లేదు. ఆయన ఒకే పేరు క్రింద చూచినవి పలు విధములైన మూత్రపిండ వ్యాధులని తరువాత తెలిసెను.

ఆయన పరీక్షకు కావలసిన పనిముట్లు మన యింటనే ఉన్నవి. చెంచాలో కొంచెము మూత్రము పోసి కొవ్వొత్తి మంటపై పట్టుదురు. ఆల్బుమిన్ ఉన్నయెడల మరుగక మునుపే చెంచా అంచులవద్ద పాలవలె తెలుపు కమ్మి, అది లోపలికి వ్యాపించును. అందరును అసహ్యముతో పారబోయు దానిలో ఆయన రోగి దేహపు లోపలి సమాచారము చదివిరి.

ఆల్బుమిన్ అనగా రక్తములో ఉండవలసిన ఒక మాంసకృత్తు. మన రెండు మూత్రపిండములలో ఒక్కొక్కదానిలో సుమారు పది లక్షల సూక్ష్మమైన జల్లెడలు ఉన్నవి. గుండె త్రోయు రక్తములో ఇంచుమించు అయిదవ వంతు వీటిలోనికే వచ్చును. మంచి జల్లెడ మలినమును విడిచి ఆల్బుమినును రక్తములోనే నిలుపును. జల్లెడ చినిగినప్పుడు అది మూత్రములోనికి జారిపోవును. జాన్ బోస్టాక్ అను రసాయనవేత్త బ్రైట్ గారికి తోడ్పడి, బయటికి పోవలసిన యూరియా ఆ రోగుల రక్తములో నిలిచిపోవుచున్నదని కనుగొనెను. నేడు మన ఆసుపత్రులలో రక్తము, మూత్రము తీసికొని చేయు మూత్రపిండ పరీక్షలకు ఇదియే ఆరంభము.

నూరుగురి లెక్క

1836లో బ్రైట్ గారు ఆల్బుమిన్ రోగముతో మరణించిన నూరుగురి దేహములలో కనబడిన మార్పులను పట్టికగా వ్రాసి ప్రకటించిరి. మూత్రపిండముల రోగమైనను, ఆయన గుండెలను కూడ విడువక చూచిరి. ఆ నూరుగురిలో 52 మందికి గుండె కండరము లావెక్కియుండెను. గుండె కవాటములు చెడినయెడల గుండె అట్లు లావెక్కుట సహజమే. గాని ఆ 52 మందిలో 34 మందికి కవాటములు బాగుగానే ఉండెను. ఆ 34 మందిలో 11 మందికి పెద్ద రక్తనాళపు గోడ చెడియుండెను. వారినికూడ తీసివేసినను ఇంక 23 మంది మిగిలిరి. వారి గుండె లావెక్కుటకు గుండెలో గాని పెద్ద నాళములో గాని ఏ కారణమును కనబడలేదు.

ఇక్కడ ఆయన రెండు ఊహలు చేసిరి. మూత్రపిండములు శుభ్రపరచని రక్తము గుండెను తిన్నగా తాకి, దానిని క్రమము తప్పి ప్రేరేపించుచుండవచ్చును. లేక, ఆ రక్తము సన్నని నాళములలో సులభముగా పారక, దానిని నెట్టుటకు గుండె అధికముగా శ్రమపడుచుండవచ్చును. రక్తపు పోటును కొలుచు పట్టీ అప్పటికి పుట్టలేదు. దానిని రివారోచి అను ఇటలీ వైద్యుడు తెచ్చినది 1896లో. గుండె కొట్టుకొనుటను కాగితముపై గీయు యంత్రమును లేదు. వ్రేళ్లతో నాడి పట్టి చూచి, చెవితో విని, చనిపోయినవారి గుండెను చేతబట్టి చూచి ఆయన ఇంతవరకు చేరిరి.

1842లో గైస్ ఆసుపత్రివారు రెండు వార్డులు, 42 పడకలు, వాటి ప్రక్కను చిన్న ప్రయోగశాల ఈ రోగుల నిమిత్తమే కొన్ని నెలలు ప్రత్యేకించిరి. ఒకే వ్యాధిగలవారిని ఒకచోట ఉంచి, వైద్యులును రసాయనవేత్తయు కలిసి పరిశీలించుట ఆనాటికి క్రొత్త సంగతి.

చేయలేకపోయిన పని

బ్రైట్ గారు రోగమును కనుగొనిరి గాని దానిని బాగుచేయలేకపోయిరి. ఆ కాలపు వైద్యులవలెనే రక్తము తీయించిరి, విరేచనములకు మందిచ్చిరి, చెమట పట్టించిరి. వీటివలన మూత్రపిండములు బాగుపడలేదు. రక్తము తీయుట బలహీనునికి కీడే చేసియుండును. ఆయన వార్డులో చెంచా పాలవలె మారినప్పుడు ఆ రోగి ముందు ఏమి వచ్చునో ఆయనకు తెలియును, తప్పించు మార్గము మాత్రము తెలియదు. అట్టి స్థితిలో కొందరు చూచుట మానివేయుదురు. ఆయన మానలేదు. తాను బాగుచేయలేనివారిని గూర్చి కూడ నమ్మకముగా వ్రాసిపెట్టిరి. ఆ వ్రాతలే తరువాతివారికి పునాది ఆయెను.

1837లో ఆయన విక్టోరియా రాణిగారికి ప్రత్యేక వైద్యులుగా నియమింపబడిరి. 1843లో గైస్ ఆసుపత్రి పని విడిచిరి. ఆయన కుమారులలో ఒకరు చరిత్రకారులై ఆక్స్‌ఫర్డులో ఒక కళాశాలకు అధిపతియైరి. మరియొకరు తండ్రివలె వైద్యులైరి.

1858 డిసెంబరులో స్వల్పకాలము జబ్బుపడి, 16వ తేదీన లండనులోని తమ గృహములో బ్రైట్ గారు మరణించిరి. అప్పుడు ఆయన వయస్సు 69 సంవత్సరములు. దేహమును పరీక్షింపగా గుండెనుండి బయలుదేరు పెద్ద నాళపు కవాటము గట్టిపడి ఇరుకైయుండెను. ఇతరుల గుండెలను అంత శ్రద్ధగా చూచినవారిని గుండె జబ్బే తీసికొనిపోయెను. కెన్సల్ గ్రీన్ అను స్థలమున ఆయన సమాధి యున్నది.

ఆయన తరువాత

ఆయన విడిచిన ప్రశ్నను గైస్ ఆసుపత్రిలోనే ఒక యౌవనుడు చేపట్టెను. ఆయన పేరు ఫ్రెడరిక్ అక్బర్ మహమ్మద్. పాట్నాలో పుట్టి ఇంగ్లండులో స్థిరపడిన షేక్ దీన్ మహమ్మద్ గారికి ఆయన మనుమడు. 1870 తరువాతి సంవత్సరములలో ఆయన నాడి కొట్టుకొనుటను గీతలుగా గీయు పరికరముతో పరీక్షించి, మూత్రములో ఆల్బుమిన్ లేనివారికి కూడ రక్తపు పోటు అధికముగా ఉండవచ్చునని చూపెను. 1884లో ముప్పది అయిదేండ్లకే ఆయన మరణించెను. పిమ్మట హాలండు దేశములో ఐంథోవెన్ గారు గుండె విద్యుత్తును గీతగా గీయు యంత్రమును తయారుచేసిరి. గుండె పై గదులు క్రమములేకుండ వణకు వ్యాధిని ఆ గీతలో 1909లో లండనులో థామస్ లూయిస్ గారు స్పష్టముగా గుర్తించిరి.

ఆ వ్యాధిలో గుండె పై గదులు ముడుచుకొనుటకు బదులు గిలగిల కొట్టుకొనును. నాడి ఒకసారి వేగముగా, ఒకసారి ఆగి ఆగి, ఏ వరుసయు లేక నడచును. పై గదిలో రక్తము నిలిచి గడ్డ కట్టి, ఆ గడ్డ మెదడునకు పోయినయెడల పక్షవాతము వచ్చును. ఈ వ్యాధి గలవారికి పక్షవాతపు అపాయము తక్కినవారికంటె సుమారు అయిదు రెట్లు.

ఇటీవలి దశాబ్దములలో వేలాది మందిని ఏండ్ల తరబడి పరీక్షించిన పరిశోధనలలో, మూత్రములో ఆల్బుమిన్ ఉన్నవారికిని, మూత్రపిండముల వడపోత తగ్గినవారికిని ఈ నాడి తప్పు వ్యాధి ఎక్కువగా వచ్చుచున్నట్లు కనబడెను. కారణములు పెక్కు. చెడిన మూత్రపిండములు ఉప్పును నీటిని నిలుపును. రక్తపు పోటు పెరుగును. గుండె క్రింది గది లావెక్కును, పై గది సాగి మచ్చలు పడును. ఆ మచ్చలయొద్ద విద్యుత్తు దారి తప్పును. రక్తములో పొటాసియమను లవణము హెచ్చినను గుండె క్రమము చెడును. మధుమేహము, రక్తపు పోటు ఈ రెండు అవయవములను ఒకేసారి పాడుచేయును. గుండె చెడినప్పుడు మూత్రపిండములకు రక్తము చాలక అవియు చెడును. ఆల్బుమిన్ కనబడిన ప్రతివానికి నాడి తప్పునని భయపడవలదు. అయితే అట్టివాని గుండెను కూడ ఒకసారి చూపించుట వివేకము.

మన సంఘములకు

ఈ సంగతులు దూరదేశపు కథ అని తలంచకుడి. శ్రీకాకుళము జిల్లా ఉద్దానము ప్రాంతములో కవిటి, సోంపేట, కంచిలి మొదలగు చోట్ల మూత్రపిండ వ్యాధి అనేక కుటుంబములను కృంగదీసినది. 2023 డిసెంబరులో పలాసలో ఈ వ్యాధి నిమిత్తము పరిశోధనా కేంద్రమును 200 పడకల ఆసుపత్రియు తెరువబడినవి. ఆ ప్రాంతపు వ్యాధిలో మూత్రమున ఆల్బుమిన్ తరచుగా అంతగా కనబడదు. కనుక మూత్రమొక్కటే చాలదు, రక్తములో క్రియాటినిన్ కూడ చూడవలెను.

కావున ఈ కొద్ది మాటలు ఇంటింట జ్ఞాపకముంచుకొనుడి.

1. మధుమేహము గాని రక్తపు పోటు గాని ఉన్నవారు సంవత్సరమునకు ఒకసారి మూత్రములో ఆల్బుమిన్, రక్తములో క్రియాటినిన్ పరీక్ష చేయించుకొనవలెను. ఒక గ్రాము క్రియాటినినునకు 30 మిల్లీగ్రాములు గాని అంతకు మించి గాని ఆల్బుమిన్ ఉన్నను, వడపోత లెక్క 60కి తక్కువైనను, మూడు నెలలు అట్లే నిలిచినయెడల అది మూత్రపిండ వ్యాధియే. మొదటి దశలో నొప్పి యుండదు గనుక నొప్పికొరకు కనిపెట్టకుడి.

2. బొటనవ్రేలి వైపున మణికట్టుపై మూడు వ్రేళ్లు ఉంచి ఒక నిమిషము నాడి చూచుకొనుడి. వరుస తప్పి కొట్టుకొనుచున్నయెడల, గుండె దడ, ఆయాసము ఉన్నయెడల గుండె గీత తీయించుకొనుడి. రక్తము గడ్డకట్టకుండ వైద్యుడిచ్చు మందును మీ అంతట మీరు మానకుడి.

3. ఒంటి నొప్పులకు దుకాణములో కొన్న బిళ్లలు నెలల తరబడి మ్రింగకుడి. అవి మూత్రపిండములను పాడుచేయును. ఊరగాయ, ఉప్పుచేప తగ్గించుడి.

4. మూత్రపిండములు బాగుగా చెడినవారికి కొబ్బరినీళ్లు మేలని ప్రేమతో త్రాగించువారున్నారు. అందులో పొటాసియము అధికము. అట్టివారి గుండెకు అది అపాయము. వైద్యుని అడిగియే ఇయ్యుడి.

బ్రైట్ గారి చేతిలో మందు లేకుండెను. నేడు రక్తపు పోటును దించుచు మూత్రపిండములను కాపాడు మందులున్నవి. గుండెకును మూత్రపిండములకును కలిపి మేలుచేయు క్రొత్త మందులు కూడ వచ్చినవి. ముందుగా తెలిసికొనిన వానికి అవి పనిచేయును. మూత్రము పట్టి ఇయ్యుమని నర్సమ్మగారు చిన్న సీసా ఇచ్చునప్పుడు సిగ్గుపడి ఇంటికి తిరిగి వచ్చు తల్లులు, తండ్రులు మన సంఘములలో ఉన్నారు. వారికి ఈ కథ చెప్పుడి. పొరుగువాని పాదములు వాచుట చూచినప్పుడు ఊరకుండక, అతని వెంట ఆసుపత్రికి నడువుడి. పరిసయ్యుని యింట భోజనపు బల్ల చుట్టు ఉన్నవారందరు ఆ జలోదర రోగిని చూచిరి గాని, అతని చేయి పట్టినవాడు ఒక్కడే.